ఆరతి నీళ్ళ రంగు

మా కెమిస్ట్రీ సారంటే నాకు ఇప్పటికీ కోపమే. ఆయన నన్ను ఒక్కసారి కూడా చూడలేదు. నేను ఆయన్ని చూసింది ఎప్పుడో తీసిపెట్టిన వీడియోలో. బోర్డు మీద సూత్రం రాసి, కెమెరా వైపు తిరిగి, "అర్థమైందా? వెరీ గుడ్" అనేవాడు. ఎవరికి అర్థమైంది? ఆయనకెవరు చెప్పారు? "కాలేదు" అని ఫోన్ మీద అరిచిన రోజులున్నాయి. ఆయన మాత్రం వెరీ గుడ్ అనేసి తర్వాతి పాఠానికి వెళ్ళిపోయేవాడు.

పదో తరగతి అవగానే నన్ను చదువు మాన్పించి తిరుచానూరులో మా లాడ్జి పనిలో పెట్టారు. మూడేళ్ళు పోరితే నాయన దిగివచ్చి దూరవిద్యలో ఇంటర్‌కు కట్టాడు. "అంతా సెల్లులోనే సెప్తారంట. యాడికీ పోయే పనిల్యా. ఈడనే కూసోని సదువుకో, గదుల తాళాలు గూడా సూసుకున్నట్టుంటాది" అన్నాడు. నాకు తిరుపతిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాలని ఆశ. దానికి కెమిస్ట్రీ పాసవ్వాలి. తప్పితే మళ్ళీ చదువు మాటెత్తకూడదని నాయన ముందే చెప్పేశాడు.

వైఫై అందేది మెట్ల కింద మాత్రమే. అక్కడ ముడుచుకుని కూర్చుంటే, "పాపా, వేడినీళ్ళు ఎప్పుడొస్తాయి?" అని యాత్రికులు వచ్చేవాళ్ళు. ప్రాక్టికల్ తరగతులు పెడతామన్నవాళ్ళు వాటికి బదులు ఒక లింకు పంపి చేతులు దులుపుకున్నారు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పడమంటే ఇదే. ఆ లింకులోని వీడియోలో కింద ఫ్లాస్కులో ఆమ్లం, అందులో రంగు తెలిపే మందు రెండు చుక్కలు, పైన బ్యూరెట్ అనే సన్నటి గాజు గొట్టంలో క్షారం. చుక్కచుక్కగా వదిలితే గులాబీ రంగు తిరుగుతుంది, అప్పుడు ఆపాలి అన్నారు. ఎంత గులాబీ? సరిగ్గా ఆ చుక్క పడేటప్పుడే వీడియో నిలిచిపోయేది. వెనక్కి జరిపినా ఆ మసక బొమ్మలో గులాబీ, తెలుపు ఒకటిగానే కనిపించేవి.

అయినా నీళ్ళ రంగు మారడం నాకు కొత్త కాదు. పెళ్ళి చేసుకుని మా లాడ్జిలో దిగే కొత్త జంటలకు మా అవ్వ గుమ్మంలో ఆరతి తీసేది. పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి సున్నం కలిపేది నేనే. "ఇంకొంచెం ఎయ్ మే. పల్చగా ఉంటే దిష్టి యాడ పోతాది?" అని అవ్వ కేకేసేది. పసుపు ఎర్రబడేది సున్నం క్షారం కాబట్టేనని పాఠంలో విన్న రోజు, ఈ ఒక్కటైనా నాకు వచ్చు అని పొంగిపోయాను.

చిత్తూరులో ప్రాక్టికల్ పరీక్ష. బ్యూరెట్‌ను చేత్తో తాకడం అదే మొదలు. చుక్కలు పడ్డాయి, నీళ్ళు లేతగా గులాబీ తిరిగాయి. నా చెయ్యి ఆగలేదు. ఇంకా చిక్కబడాలి కదా! బాగా రంగు పట్టాక తృప్తిగా కుళాయి కట్టేశాను.

పరీక్ష పెట్టే సారు ఫ్లాస్కు ఎత్తి చూసి నవ్వాడు. "ఏమ్మా, ఆరతి నీళ్ళు కలిపినావా? లేతగా తిరగంగానే ఆపాలని వీడియోలో సెప్పలా?" చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. "పో, మళ్ళా పరీక్షకు బాగా సూసుకోని రా. అర్థమైందా?"

ఆ మాటతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కాలేదు సార్" అన్నాను, గదంతా వినిపించేలా. "ఈ గొట్టం నేను ఈ పొద్దే కంటితో సూసింది. మీరొకసారి చేసి సూపించండి. ఆ తర్వాత నేను తప్పు చేస్తే ఫెయిల్ చేసుకోండి."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన వాచీ చూసుకున్నాడు. నేను కదల్లేదు. చివరికి గొణుక్కుంటూ ఇంకో ఫ్లాస్కు తీసుకున్నాడు. ఒక్క చుక్క, పసిబిడ్డ అరచేతి రంగు. "ఇంతే" అని ఆపేశాడు. చూపించడానికి టీ తాగినంత సేపు పట్టలేదు. ఆ కాస్త సేపు ఏడాదంతా ఎవరికీ దొరకలేదా? నేను మళ్ళీ చేశాను. లేతగా తిరగ్గానే ఆపాను. పాసయ్యాను.

బయటికొచ్చాక, ఇందాక అందరికంటే గట్టిగా నవ్విన అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నాకూ తెలీదు. నువ్వు అడిగినావు గాబట్టి సూసి చేసినా."

నాకు దాని మీద కూడా కోపమొచ్చింది. "మరి నవ్వినావెందుకే?" అన్నాను.