ఇంట్లోనే ఉంటున్నదనే రుజువు

గురువారం మధ్యాహ్నం 3:40కి రువైస్ రిఫైనరీ గేటు దాటితే రాత్రి 7:55కి దుబాయ్ నైఫ్‌లో మా గది మెట్లెక్కేవాణ్ణి. కారు మీటరు ప్రకారం 372 కిలోమీటర్లు. దారిలో ఒకసారి పెట్రోలు, ఒకసారి టీ. 2007లో అమ్మాయికి దుబాయ్ కాలేజీలో సీటు వచ్చాక కంపెనీ క్వార్టర్లో నేనొక్కణ్ణే మిగిలాను. తల్లీకూతుళ్లు నైఫ్‌లో కాపురం పెట్టారు. పిల్ల హాస్టల్లో కాక ఇంట్లో ఉండి చదువుకోవాలన్నది మా ఆవిడ పట్టుదల.

ఆ చదువు కోసం ఐదేళ్లుగా ఒక పొదుపు పథకంలో నెలకు ఆరువందల దిర్హమ్‌లు కడుతూ వచ్చాం. దాన్ని మాకు అంటగట్టిన ఏజెంటు మా జిల్లావాడే. శుక్రవారాలు క్వార్టర్లలో ఎవరో ఒకరింట భోజనం వేళకు దిగేవాడు. పప్పు మెచ్చుకుని, పిల్లల మార్కులడిగి, సంతకం తీసుకుని వెళ్లేవాడు. నాది పరికరాల విభాగం. ఒక్క గేజీ చూపిన పీడనాన్ని మేము నమ్మం, రెండోదానితో సరిచూస్తాం. ఆ మనిషి మాటకు రెండో గేజీ లేదు. షరతుల పుస్తకం అడిగినప్పుడల్లా "వచ్చేవారం తెస్తానన్నా" అనేవాడు. ఐదేళ్లలో ఆ వారం రాలేదు.

ఫీజు కోసం అర్జీ పెట్టాక షరతు బయటపడింది. విద్యార్థి ఎక్కడ ఉంటున్నదో రుజువు చూపనిదే ఫీజు చెక్కు కూడా రాదు. హాస్టలైతే రశీదు కావాలి. వసతి కింద ఏడాదికి ఆరువేల దాకా ఇస్తారు. ఇంట్లోనే ఉంటే తల్లి పేరనో తండ్రి పేరనో అద్దె ఒప్పందం చూపాలి. భోజనం కింద మూడువేలు. ఫీజు గడువు ఇంకా ఇరవై రోజులు. అది దాటితే సీటు పోతుంది.

మాకు అద్దె ఒప్పందం లేదు. నైఫ్‌లో మాలా ఉండేవాళ్లకు ఉండదు. రెండు గదుల ఫ్లాట్ ఒకరి పేరున ఉంటుంది. అందులో ఒక గది మరో కుటుంబానికిచ్చి, వంటగది వేళలు పంచుకుంటారు. యజమానికి ఆ సంగతి తెలియదు, లేదా తెలియనట్టుంటాడు. మా ఫ్లాట్ నెల్లూరు నుంచి వచ్చిన ఒక బట్టల వ్యాపారి పేరున ఉండేది. ఆయన్ను భాయ్ అనేవాళ్లం.

ఏజెంటుకు ఫోన్ చేశాను.

"దీనికింత ఆలోచనేంటన్నా! నాకు తెలిసిన హాస్టలుంది. మూడువందలిస్తే రశీదు రాసిస్తారు. మూడువేలకు బదులు ఆరువేలొస్తాయి. ఖలాస్!"

"పిల్ల ఇంట్లో పడుకుంటుంటే హాస్టల్ రశీదా?"

"ఎక్కడ పడుకుందో వాళ్లొచ్చి చూస్తారా?"

చూస్తే? తప్పుడు రుజువు పెడితే పథకమంతా రద్దవుతుందని అర్జీ వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది. మేము కట్టిన ముప్పై ఆరువేలూ పొదుపు కంపెనీకి మిగల్చడానికే ఈ సలహా ఇస్తున్నాడేమో. అందులో ఇతని వాటా ఎంతో.

ఆ గురువారం భాయ్‌ని అడిగాను. "మేం ఇక్కడుంటున్నామని ఒక్క ముక్క రాసివ్వండి భాయ్."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎవరికి చూపిస్తారు సార్?"

"పొదుపు కంపెనీకి."

"వాళ్లు ఓనర్‌కి ఫోన్ చేయరని మీరు నాకు రాసిస్తారా?"

ఆయనే మళ్లీ అన్నాడు.

"ఆ ముక్క బయటికి పోతే మీరూ మేమూ ఒకేరోజు సామాన్లు దించుకోవాల. మీకు రువైస్‌లో క్వార్టరుంది. నాకేముంది?"

మర్నాటి నుంచి భాయ్ భార్య వంటగదిలో మాట తగ్గించింది. నడవాలో మేకుకు గుచ్చి ఉండే కరెంటు బిల్లులు వాళ్ల గదిలోకి వెళ్లిపోయాయి.

"ఇంట్లో ఉన్న పిల్ల ఇంట్లో ఉందనడానికి కాగితం దొరకదు. లేనిచోట ఉందనడానికి మూడువందలు చాలు. మీ ఇంజనీరింగు ఏమంటుందో దీనికి?" అంది మా ఆవిడ.

రువైస్ క్వార్టర్ నా పేరనే ఉందని మా ఆఫీసు ఇచ్చిన ఉత్తరం పట్టుకుని పొదుపు కంపెనీ కౌంటరుకు వెళ్లాను. అక్కడి మనిషి దాన్ని రెండుసార్లు చదివాడు. "అమ్మాయి రువైస్ నుంచి రోజూ కాలేజీకొస్తుందా సార్?" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "అందరూ ఆరువేలకే అడుగుతారు. మీరు మూడువేలకు అడుగుతున్నారెందుకు?" అన్నాడు. నన్ను అనుమానిస్తున్నాడని అప్పుడర్థమైంది.

గడువు ఆరు రోజులుందనగా అమ్మాయే దారి చెప్పింది. "నాన్నా, నేను నిజంగానే హాస్టల్‌కి వెళ్తే రశీదు అబద్ధం కాదు కదా." వాళ్లమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

వెతికితే ఖాళీ ఉన్న హాస్టల్ ఒక్కటే దొరికింది, ఏజెంటు చెప్పినదే. వార్డెను కూర్చోమనకముందే రశీదు పుస్తకం తీసింది. ముందు మంచం చూస్తానంటే ఆశ్చర్యపోయింది. చూశాను, మంచం ఉంది, కిటికీ కూడా ఉంది. డబ్బు కడుతూ, "ఇందులో ఏజెంటుకెంత?" అని అడిగాను.

"ఏ ఏజెంటు సార్?" అంటూ ఆమె రశీదు చింపి ఇచ్చింది. మేము గుమ్మం దాటుతుండగా, "మీ జిల్లా అన్నను అడిగానని చెప్పండి" అంది.

ఫీజు చెక్కు గడువుకు ఒక్కరోజు ముందు వచ్చింది. సీటు నిలిచింది. మా ఆవిడ నాతో రువైస్ వచ్చేసింది.

ఆ ఏటి లెక్క ఇది. హాస్టల్‌కు కట్టినది ఎనిమిదివేల ఐదువందలు, పథకం ఇచ్చినది ఆరువేలు, మా చేతినుంచి పడినది రెండువేల ఐదువందలు. నెల మధ్యలో ఖాళీ చేసినందుకు పోయిన అద్దె తొమ్మిదివందలు. ఫ్రిజ్ అమ్మినందుకు నష్టం నాలుగువందలు. మొత్తం మూడువేల ఎనిమిదివందల దిర్హమ్‌లు. భాయ్ కుటుంబంతో మాటలు లేవు. అమ్మాయి ఇంట్లో ఉండి చదువుకున్నది ఐదు వారాలు.