ఉప్పు చూడని వంటమనిషి

వాంకూవర్‌లో ఆ ఇటాలియన్ హోటల్ మూడు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉంది. దాని వంటింట్లో నేను పద్దెనిమిదేళ్లు పనిచేశాను. ఉల్లిపాయలు కోయడం, టమాటాలు ఉడకబెట్టడం, కాగులు ఎత్తడం. నా మోకాళ్లు అక్కడే పోయాయి.

యజమానురాలు ముసలావిడ. వంటింట్లో అందరం మమ్మా అనేవాళ్లం. పొద్దున కాచిన టమాటా సాసు ఆమె నోట పడందే బయటికి వెళ్లకూడదు. చెక్క గరిటె నోట్లో పెట్టుకుని చప్పరించి, అదే గరిటె నాకు చాపేది. నేను ముట్టేదాన్ని కాదు. ఎంగిలి. మా అమ్మ ఏనాడూ పొయ్యి మీది కూర రుచి చూడలేదు, వాసనతోనే ఉప్పు చెప్పేది. నేనూ అంతే.

"నీ ముక్కుకి జీతమిస్తున్నా" అని నవ్వేది మమ్మా. మా ఇద్దరి ఇంగ్లీషూ వంకరే.

పోయిన చలికాలం జ్వరం వచ్చి తగ్గాక ఆమె నాలుకకు రుచి పోయింది. నాకొక్కదానికే చెప్పింది.

"నా కొడుక్కి చెప్పకు. తెలిస్తే పొయ్యి దగ్గర నిలబడనివ్వడు. ఇంట్లో కూర్చుంటే చస్తాను."

అప్పటినుంచి ఆమె గరిటె నోట్లో పెట్టి నా వైపు చూసేది. నేను వాసన పట్టి తలూపేదాన్ని. ఆమె "బాగుంది" అనేది. నాలుగు నెలలు అలా నెట్టుకొచ్చాం.

ఒక శనివారం మధ్యాహ్నం పళ్లేలన్నీ వెనక్కి వచ్చాయి. మమ్మా ఉప్పు రెండుసార్లు వేసింది. ఉప్పుకు వాసన ఎక్కడుంటుంది? మా అమ్మ ముక్కు గొప్పదేం కాదు, ఆమె చేతికి కొలత తెలుసు. ఆ సంగతి నాకు ఈ వయసులో తట్టింది.

కొడుకు వచ్చాడు. యాభై దాటినవాడు.

"ఎవరు టేస్ట్ చేశారు?"

"నేనే" అన్నాను.

"నువ్వా, ఆంటీ?" ఆ పిలుపు నా దగ్గరే నేర్చుకున్నాడు. "ఇన్నేళ్లలో నువ్వు స్పూన్ నోట్లో పెట్టగా నేను చూడలేదు. ఇవాళ పెట్టావా?"

"పెట్టాను."

"మరి ఉప్పు ఎక్కువైందని చెప్పలేదేం?"

అబద్ధమాడటం కూడా చేతనవ్వాలి.

"ఆమెను వదిలెయ్" అంది మమ్మా. "చలికాలం నుంచి నాకు ఉప్పూ పంచదారా ఒకటే."

ఏప్రన్ ముడి ఆమె వేళ్లకు అందలేదు. నేనే విప్పాను. కొడుకు కుర్చీ తెచ్చి తలుపు పక్కన వేశాడు. ఆమె కూర్చుంది.

"ఇక్కణ్నుంచి పొయ్యి కనబడదు."

"చూడ్డానికి ఏముంది మమ్మా, కాగులేగా" అన్నాను. ఆమె నవ్వలేదు.

ఆ సాసంతా సింకులో పారబోశాను. సాయంత్రానికి మళ్లీ జనం వస్తారు. ఇంకో పెట్టె టమాటాలు దించుకుని కడగడం మొదలుపెట్టాను.