ఇసుకలో వేయించిన కర్ర

ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే తామ్వే పేట నుంచి మా బావగారు ఫోన్ చేశారు. "మీ అక్క ఎల్లిపోనాది," అన్నారు. అంతే. మా తోటికోడలు ఇక లేదు. నేను అక్కడే మోకరించి ప్రార్థన చేయవలసింది. దానికన్నా ముందు నాకు తోచింది, ఇక కుర్చీలు నా చేతికి వస్తాయని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఆవిడ గురించి రాస్తూ అబద్ధం చెప్పలేను.

మా మామగారు ఇక్కడ బర్మాలోనే, బోటాటౌంగ్‌లో కుర్చీలు బాగుచేసేవారు. అమెరికా మిషనరీలు ఓడల్లో తెచ్చుకున్న తాతలనాటి కుర్చీలు, వాళ్ళ దేశం ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉన్నప్పటివి, మా చర్చి సంఘంలో నాలుగు మిగిలాయి. వాటి పని ఆయన పెద్దకోడలికి నేర్పారు. చిన్నకోడలినైన నాకు గరుకు కాగితం ఇచ్చి రుద్దమన్నారు.

ఆవిడ కళ్ళు మూసుకుని, కూర్చునే చెక్క మీద అరచెయ్యి ఆనించేది. కుర్చీ కాలి కొన ఆ చెక్క పైదాకా వచ్చి, అందులో చిన్న చెక్కముక్క దిగ్గొట్టి ఉంటే, "ఇది అమెరికాలో ఉత్తరాదోళ్ళ పని," అనేది. పైన నున్నగా ఉంటే, "ఇది పిలడెల్పియావోళ్ళది. కాలెక్కడ ఆగిందో బయటికి సెప్పరు." జనం నోరు తెరుచుకుని వినేవారు. బర్మా ఇరుగుపొరుగులు ఆవిడను డా కలథైన్ అని, అంటే కుర్చీలమ్మ అని, పిలిచేవారు. నాకు అలాంటి పేరేదీ రాలేదు.

కాళ్ళ మధ్య అడ్డకర్రను ఆవిడ చింతకర్రతో చెక్కేది. దాని కొనల్ని పెనం మీది వేడి ఇసుకలో, శనగలు వేయించినట్టు వేయించేది. తడి పూర్తిగా పోయిన కొన కాలి రంధ్రంలో దిగాక, మన వానగాలికి ఉబ్బి పట్టుకుంటుంది. జిగురు అక్కర్లేదు. "కర్ర దాహంతో ఉండాలే," అనేది.

ఒకసారి ఆవిడ జ్వరంతో ఉన్న వారం పాస్టరుగారి కుర్చీ అడ్డకర్ర విరిగింది. నేనేం తక్కువని, టేకు ముక్కతో చేసి బిగించాను. ఈ దేశంలో టేకును మించిన కర్ర ఏముంది? ఆదివారం పాస్టరుగారు ప్రసంగానికి లేవగానే అది ఊడి గచ్చు మీద దొర్లింది. ఆవిడ ముక్క ఎత్తి చూసింది.

"ఏటే, టేకా? గొప్పింటి కర్రే. దేనికీ ఉబ్బదు, దేన్నీ పట్టుకోదు. అచ్చం నీలాగే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నెలరోజులు ప్రార్థనలో ఆవిడ పేరు ఎత్తలేదు.

పోయిన వానాకాలం ఆవిడ మంచం పట్టింది. జావ తాగిస్తుంటే నా మణికట్టు పట్టుకుంది.

"పిల్లా, ఈ కుర్సీల పనికి మావ ముందు నిన్నే పిలవమన్నారు. నీ సేతికి ఓపికుందన్నారు. నీకు తీరిక లేదని నేనే సెప్పేసినాను."

"ఎందుకక్కా?"

"నాకన్నా బాగా సేస్తావని."

క్షమించానన్నాను. ఆ క్షణానికి అది నిజం కాదు. అయినా మర్నాడు పొయ్యి, పెనం, ఇసుక ఆవిడ మంచం పక్కకే తెచ్చాను. ఇసుక ఎంత వేడెక్కాలో, కొన ఏ రంగుకు తిరిగితే తీయాలో పడుకునే చెప్పింది. నేను మూడు కర్రలు మాడ్చాను. మూడుసార్లూ ఆవిడ ముఖంలో కాస్త సంతోషం కనిపించింది. నాకు కోపం రాలేదు. ఆ ముఖం నాకు తెలుసు, ఇన్నేళ్ళూ నేను మోసిందే.

సమాధి చేసిన వారానికి సంఘంవాళ్ళు ఉత్తరాది కుర్చీ ఒకటి నాకు పంపారు. చింతకర్ర చెక్కి, కొన వేయించి, రంధ్రంలో పెట్టి కొట్టాను. లోపలి గాలి బుస్సుమంటూ బయటికొచ్చింది. వారం ఆగి, ఆ ఒక్క అడ్డకర్ర పట్టుకుని కుర్చీ మొత్తాన్ని పైకెత్తాను. ఇసుమంతైనా కదల్లేదు. గుమ్మం వైపు చూశాను. ఆవిడ అక్కడ నిలబడి, మూతి ముడుచుకుని, కుళ్ళుకుంటే బాగుండుననిపించింది. చేతులు నొప్పి పుట్టేదాకా కుర్చీని గాలిలోనే పట్టుకుని ఉన్నాను.