నాగవల్లి ఆపిన బస్సు

జంగారెడ్డిగూడెం నుంచి రాజమండ్రి వెళ్లే బస్సులో నాగవల్లి పంతొమ్మిదేళ్లుగా కండక్టరు. డ్యూటీ ఎక్కాక ఆమె నీళ్లు తాగదు. తాగితే ఎక్కడికి వెళ్లాలి? మగవాళ్లకైతే దారి పొడుగునా గోడలే. ఆడ కండక్టరుకు డిపోలో ఒక మరుగుదొడ్డి, రాజమండ్రి బస్సు కాంప్లెక్సులో ఒకటి. మధ్యలోదంతా ఉగ్గబట్టుకోవడమే.

రెండేళ్ల కిందట ఆమెకు బతుకు మీద ఆశ పోయింది. ఎందుకో ఆమెకే తెలియదు. లేచి జడ వేసుకోవడం కూడా కొండెక్కినంత పనయ్యేది. మూడు రకాల మాత్రలూ పనిచేయకపోతే, రాజమండ్రిలో ఒక డాక్టరుగారు ఆసుపత్రిలోనే పడుకోబెట్టి, దగ్గరుండి కెటమిన్ అనే మత్తుమందు కొద్ది మోతాదులో ఎక్కించడం మొదలుపెట్టారు. నాలుగోసారి ఎక్కించాక నాగవల్లి పులిహోర కలుపుకుని తింది. ముద్ద రుచిగా ఉందని ఏడ్చింది కూడా.

ఎక్కించే ముందు ప్రతిసారీ నర్సు సారిక అడిగేది.

"మూత్రంలో మంట గానీ, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం గానీ ఉందాండి? ఈ మందుతో మూత్రాశయం దెబ్బతినొచ్చు. నీళ్లు బాగా తాగండి, ఆపుకోకండి."

"ఏం లేదండి," అనేది నాగవల్లి.

మొదట్లో అది నిజమే. తర్వాత మంట మొదలైంది. వేడి చేసిందనుకుంది. మన వైపు మూత్రం మండితే జబ్బనేవాళ్లెవరు? సబ్జా గింజలు నానబెట్టి తాగింది, అరికాళ్లకు ఆముదం రాసుకుంది. నెల తిరిగినా తగ్గకపోయేసరికి అది వేడి కాదని ఆమెకూ తెలిసింది. అయినా నోరు విప్పలేదు. చెబితే మందు ఆపేస్తారు, మందు ఆగితే మళ్లీ ఆ రోజులే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఒక మధ్యాహ్నం కొవ్వూరు దాటి వంతెనెక్కాక ట్రాఫిక్ ఆగిపోయింది. ఆడవాళ్లకు టిక్కెట్టు ఉచితమయ్యాక బస్సులో కాలు పెట్టే సందు ఉండట్లేదు. ఆ జనం మధ్య నాగవల్లి కడ్డీ పట్టుకుని, పళ్లు బిగించి నలభై నిమిషాలు నిలబడింది. కింద చూస్తే గోదారి. ఆ పారే నీళ్లు చూస్తే ఇంక ఆపుకోలేననిపించి తల తిప్పుకుంది.

"ఏంటమ్మా, అలా చెమటలు పట్టేశాయి?" అంది పక్క సీటు ముసలమ్మ.

"ఉక్కపోతండి."

కాంప్లెక్సులో దిగి పరిగెత్తింది. ఆ పూట మూత్రంలో ఎర్రజీర కనిపించింది. మర్నాడు సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లింది.

"ఎన్నాళ్ల నుంచండి?" అన్నారు డాక్టరుగారు.

"రెండు నెలలండి."

ఆయన కోప్పడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

"అప్పుడే చెప్పుంటే మందు ఎక్కించే రోజుల మధ్య ఎడం పెంచి చూసేవాళ్లమండి. ఇప్పుడు పరీక్షలు తేలేదాకా మందు ఆపక తప్పదు. మీరు మాత్రం వారం వారం రండి. మనసు బరువైతే ఆ రోజే ఫోన్ చేయండి. దాచకండి."

దేనికి భయపడి దాచిందో అదే జరిగింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

తర్వాతి డ్యూటీకి పెద్ద సీసాతో నీళ్లు తెచ్చుకుంది. కొయ్యలగూడెం చేరేసరికి సగం తాగింది. దేవరపల్లి స్టాండు దగ్గర దిగాల్సినవాళ్లంతా దిగారు, ఎక్కాల్సినవాళ్లు ఎక్కారు. బస్సు కదలబోతుంటే నాగవల్లి ఆపమని ఒక్క బెల్లు కొట్టింది.

డ్రైవరు శ్యాంబాబు బ్రేకు వేసి వెనక్కి తిరిగాడు. "ఇంకా ఎవరండీ దిగేది?"

బస్సు నిండా జనం ఆమెనే చూస్తున్నారు. మొహం ఎర్రబడింది.

"నేనేనండి," అంది నాగవల్లి, టిక్కెట్ల మిషను ముందు సీట్లో ఒక ముసలాయన ఒళ్లో పెట్టి, స్టాండు పక్క హోటల్లో బాత్రూం అడగడానికి దిగుతూ. "ఐదు నిమిషాలు ఆగండి."