గోవిందస్వామి సార్‌కు అర్థం కాని బాక్సు

గోవిందస్వామి సార్‌కు ఏదీ ఒకసారి చెబితే అర్థం కాదు. రెండోసారీ కాదు. మూడోసారికి చెప్పేవాడికే తను చెప్పేది అర్థం కావడం మానేస్తుంది. అలాంటి మనిషి అందరికీ అర్థమయ్యేలా ఒక పుస్తకం రాస్తున్నారంటే మదనపల్లెలో నవ్వనివాళ్లు లేరు. అదీ మామూలు పుస్తకమా! డేటాబేస్ డెవలపర్ల కోసం బిజినెస్ ఇంటెలిజెన్స్ మీద, తెలుగులో. అంటే కంప్యూటర్లో గుట్టలుగా పడున్న వివరాల్లోంచి వ్యాపారికి పనికొచ్చే నాలుగు ముక్కలు ఏరి చూపించే విద్య.

మా చిన్న కంపెనీలో ఆయన అందరికంటే సీనియర్. నేను చేరి ఆరు నెలలు. "నాకర్థం కాలేదమ్మా వీణా" అని ఆయన రోజుకు ఎన్నిసార్లనేవారంటే, వట్టి "వీణా" అని ఎవరైనా పిలిస్తే నన్ను కాదేమో అనుకునేదాన్ని.

ఇంట్లోనూ ఇదే భాగోతం. "చట్నీకి టెంకాయ లేదు" అనేవారు ఆయన భార్య మునిలక్ష్మమ్మ.

"నాకర్థం కాలేదు. అంగట్లో లేదా, మనింట్లో లేదా?"

"మనింట్లో."

"అంటే తెమ్మంటాండావా, ఊరికే చెప్తాండావా?"

ఆమె సంచీ తీసుకుని తనే బజారుకు పోయేవారు.

నాలుగేళ్లయినా పుస్తకం మూడో అధ్యాయం దాటలేదు. ఒకరోజు నేను వాళ్లింటికి వెళ్లేసరికి సార్ ఒక కాగితం పట్టుకుని మండిపడుతున్నారు.

"ఒక్క ముక్క అర్థమైతే గదా! యా మహానుబావుడు రాసినాడో!"

"నువ్వే" అన్నారు వంటింట్లోంచి మునిలక్ష్మమ్మ.

"నేనా? అయితే వాణ్ని అడిగీ లాభం లేదు" అని కాగితం చించి మళ్లీ మొదలుపెట్టారు.

ఆ మూడో అధ్యాయం నకలు ఒకటి నాకూ ఇచ్చారు. రెండు నెలలు అది నా బల్ల మీద టీ గ్లాసు కింద పడి ఉంది.

"సదివినావామ్మా?"

"చదివినా సార్. అంతా అర్థమైంది."

"అదృష్టవంతురాలివి. నాకింకా కాలేదు."

ఇంతలో వెంకటేశులన్న పని వచ్చింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో ఆయనకు టమోటాలు టోకున అమ్మే మండీలున్నాయి. ఏ మండీలో ఎంత సరుకు పోతోందో చూపించే రిపోర్టు నాకు అప్పగించారు. నా మొదటి రిపోర్టు! సార్‌కు చూపిస్తే "అర్థం కాలేదు" అని వారం రోజులు నములుతారని భయపడి, చూపించకుండా నేరుగా మీటింగుకే పట్టుకెళ్లాను.

గోడ మీద నా గ్రాఫు, మూడు రంగుల కడ్డీలు. కుప్పం ఎనిమిది వేల బాక్సులు, మదనపల్లె ఏడు వేలు, పుంగనూరు ఐదు వేలు. వెంకటేశులన్న కళ్లప్పగించి చూశాడు. కంప్యూటర్ బొమ్మ గీసి చూపిస్తే మనకు తెలిసిన సంగతి కూడా మరిచిపోతాం.

"పుంగనూరు ఇంత అధ్వానమా! మూసేస్తే పోలా?" అన్నాడు.

పుంగనూరు మండీని పదేళ్లుగా చూసుకుంటున్న రాణక్క మూల కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె మొహం పాలిపోయింది. ఏదో అనబోయి, ఇంతమంది చదువుకున్నవాళ్ల ముందు మనకెందుకన్నట్టు నోరు మూసుకుంది. నేనేమో నా రిపోర్టు మీద ఏకంగా ఒక మండీ మూతపడబోతోందని లోపల సంబరపడుతున్నాను. ఇప్పుడు తలచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

"నాకర్థం కాలేదప్పా" అన్నారు గోవిందస్వామి సార్.

నాకు ఒళ్లు మండింది.

"ఏం అర్థం కాలేదు సామీ? టమోటా బాక్సులు" అన్నాడు వెంకటేశులన్న.

"బాక్సంటే?"

"బాక్సంటే బాక్సే!" అందరూ నవ్వారు.

"ఎన్ని కేజీలు?"

"పదిహేను సార్" అన్నాను విసుగ్గా.

"కాదు పాపా, ముప్పై" అంది రాణక్క. "మా పుంగనూర్లో ఎప్పుడూ ముప్పయ్యే."

నేను పుట్టి పెరిగింది కుప్పం పక్కన గుడుపల్లెలో. అక్కడ మేం చూసింది పదిహేను కేజీల బాక్సే. లోకమంతటా అంతేననుకుని చిన్న బాక్సునూ పెద్ద బాక్సునూ ఒకే లెక్కన చూపించాను.

వెంకటేశులన్న నెత్తి కొట్టుకున్నాడు. "అవును గదా! కుప్పంలో సిన్న బాక్సు, ఈడా, పుంగనూర్లోనూ పెద్దది. తెలిసీ నాకు తట్టలేదే!"

అక్కడికక్కడే కేజీల్లోకి మార్చాను. పుంగనూరు కడ్డీ లేచి కుప్పాన్ని దాటేసింది. మండీ మూసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

"తప్పు నాదేలేప్పా. కేజీల్లో సూపించమని పాపకు నేను సెప్పాల్సింది" అన్నారు సార్.

వెళ్తూ వెళ్తూ రాణక్క ఆయనకు దండం పెట్టింది. "మీకు అర్థం కాకపోవడం మంచిదయింది సారూ!"

నా బల్ల దగ్గరికొచ్చి, టీ గ్లాసు పక్కకు జరిపి, మూడో అధ్యాయం తెరిచాను. మొదటి వాక్యమే ఇది: 'కుప్పం బాక్సునూ పుంగనూరు బాక్సునూ కలిపి కూడకండి.'

ఆరు నెలల మీటింగులన్నీ గుర్తొచ్చాయి. సార్ "అర్థం కాలేదు" అన్నప్పుడల్లా ఆ గదిలో ఇంకెవరికో కూడా అర్థమై ఉండేది కాదు. చాలాసార్లు ఆ ఇంకెవరో నేనే. సిగ్గేసింది. ఆయనంటే ప్రేమా ముంచుకొచ్చింది.

కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాను. "సార్, బాక్సు సంగతి మీకు ముందే తెలుసు. మరి అర్థం కాలేదని ఎందుకన్నారు?"

ఆయన కళ్లజోడు తీసి, తీరిగ్గా తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"నాకర్థం కాలేదమ్మా వీణా. మళ్లీ అడుగు."