గోరంత నల్లటి పొర

మా ఫిజిక్స్ మేడం పోయారన్న కబురు వచ్చేసరికి నా ఫర్నేసు ఇంకా చల్లారలేదు. ఆళ్లగడ్డ నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశారు. దొర్నిపాడు దగ్గర సేద్యం చేసుకునే మనిషి, నాలుగు మాటలకు మించి మాట్లాడరు. "అక్క పోయిందమ్మా. పొద్దున కాఫీ తాగి కుర్చీలో వాలింది, అంతే" అన్నారు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఏడుస్తూనే ఆక్సిజన్ మీటరు వంక చూశాను. ఫర్నేసులో ఉన్నది సూపర్ కండక్టర్ ఫిల్ము. దాన్ని ఆక్సిజన్‌లో నిదానంగా చల్లార్చాలి, తొందరపడితే ఉత్త నల్లమట్టి మిగులుతుంది. ఇంకా మూడు గంటల పని ఉంది. ఆ మూడు గంటలూ కూర్చుని, ఫిల్ము తీసి భద్రం చేసి, ఆ తర్వాతే బస్సెక్కాను. వదిలేసి పరిగెత్తి వచ్చానని తెలిస్తే మేడం ఆ కుర్చీలోంచే లేచి తిట్టి ఉండేవారు.

ఆమె నంద్యాలలో మాకు ఎమ్మెస్సీ పాఠాలు చెప్పారు. మాది చాగలమర్రి. నేను ఎక్కిన బస్సే ఆళ్లగడ్డలో ఆమె ఎక్కేవారు. మామూలు తీగలో కరెంటు పోతుంటే ఎంతో కొంత అడ్డం తగులుతుంది, తీగ వేడెక్కుతుంది. కొన్ని పదార్థాలను బాగా చల్లబరిస్తే ఆ అడ్డం మాయమైపోతుంది. ఈ సంగతి ఆమె నాకు మొదటిసారి చెప్పింది క్లాసులో కాదు, శిరివెళ్ల దగ్గర గేదెలు అడ్డం వచ్చి బస్సు ఆగినప్పుడు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, ఆమె చెప్తూనే ఉన్నారు.

అలాంటి పదార్థాన్ని గోరంత స్ఫటికం ముక్క మీద పల్చటి పొరగా పరిచి కాల్చడం ఆమె పని. ఈ పనికి పెద్ద ప్రయోగశాలల్లో గదంత యంత్రాలుంటాయి. మేడం దగ్గర ఒక గొట్టం ఫర్నేసు, ఒక ఆక్సిజన్ సిలిండరు, నీలంరంగు ద్రావణం ఉన్న సీసా, పాత కంప్యూటరులోంచి ఊడదీసిన ఫ్యాను ఉండేవి. తిరిగే ఫ్యాను మీద స్ఫటికాన్ని అంటించి రెండు చుక్కలు వేస్తే ద్రావణం సమంగా పరుచుకునేది. చూడవచ్చిన వాళ్లు ఆ ఫ్యానును చూసి నవ్వేవారు. ఆమె కూడా నవ్వేవారు గానీ దాన్ని ఎప్పుడూ గుడ్డ కప్పి దాచలేదు.

కాల్చాక పరీక్ష. నాలుగు సన్నటి తీగలు వెండి జిగురుతో అంటించి, బయటి రెంటిలో కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య ఓల్టేజీ చూస్తూ, ఫిల్మును ద్రవ నత్రజనిలోకి దించాలి. అడ్డం, అంటే నిరోధం, మాయమైతే ఆ ఓల్టేజీ పడిపోతుంది. ఆ నత్రజని మాకు పశువుల ఆసుపత్రి నుంచి వచ్చేది. పశువులకు సూదులేసే గోపాలమిత్ర ఒకాయన ఎద్దుల వీర్యం దాచే క్యానులోనే మా వంతు కూడా తెచ్చేవాడు. మేడంను చూసినప్పుడల్లా, కాలేజీలో ఎన్ని బర్రెలుండాయని అడిగేవాడు. "ఒగటే ఉండాది. ఇంగా ఈనలేదు" అనేవారు మేడం, మొహంలో నవ్వు కనపడనీయకుండా.

కొలతల దగ్గర మాత్రం పరాచికాలు లేవు. మేము నిరోధం సున్నా అయిందని గంతులేస్తే, సున్నా అనొద్దు, మన మీటరుకు కనపడలేదు అని రాయండి అనేవారు. రీడింగులు అటూ ఇటూ ఊగితే నేను బల్ల మీద గుద్దేదాన్ని. "మీటరు మీద అలిగేదేంది పాపా, అదేమన్నా మనకు చుట్టమా?" అనేవారు.

నేను చదువు ముగించి ఆమె దగ్గరే ప్రాజెక్టులో ఉన్న ఏడాది, వచ్చే మార్చిలో ఆమె రిటైరు కావాలి. అప్పటికి మాకు ఒక మంచి ఫిల్ము వచ్చింది. అంత మంచిది అంతకుముందు ఎప్పుడూ రాలేదు. మేడం ఒక పెద్ద ప్రయోగశాలకు ఉత్తరం రాశారు. ఫిల్ము పంపండి, దాన్ని చెక్కి వెంట్రుక కంటే సన్నటి గీతగా మిగిల్చి, పరికరంగా పనికొస్తుందో లేదో మేం పరీక్షిస్తాం అని వాళ్లు జవాబిచ్చారు. పనికొస్తే చేసిన విద్యార్థికి అక్కడే పరిశోధనలో చోటు ఇస్తామన్నారు. ఆ చోటు నాకు కావాలి. మేడంకు కావలసింది వేరు. ఇన్నేళ్లుగా ఈ ఫ్యాను గదిలో చేస్తున్నది ఆటబొమ్మ కాదని ఒక్కసారి రుజువు కావాలి.

ఆ ఫిల్మును నేనే పాడుచేశాను.

మహర్నవమి వచ్చింది. నంద్యాలలో లారీలకూ కుట్టుమిషన్లకూ చేసినట్టే మేమూ మీటర్లకు ఆయుధ పూజ చేసేవాళ్లం. మేడం ఊరికి పోతూ తాళాలు నాకిచ్చారు. గదంతా కడిగాను. మీటర్లకు బొట్లు పెట్టాను. మనకు అన్నిటికంటే ముఖ్యమైనది డబ్బాలో ఉండిపోవడమేమిటని తోచి ఫిల్మును బయటికి తీశాను. శుభ్రంగా ఉండాలని తడిగుడ్డతో ఒకసారి తుడిచి, మూలన చిటికెడు పసుపు పెట్టి, పటం ముందు ఉంచి దండం పెట్టుకున్నాను. ఆ పదార్థానికి నీళ్లే శత్రువని మేడం నోట్సు రాయించింది నాకే. భక్తిలో ఉన్నవాళ్లకు నోట్సు గుర్తుండదు.

పండగ అయ్యాక కొలిచాం. ఓల్టేజీ పడలేదు. నాకు అప్పుడే అర్థమైంది. అయినా నిజం చెప్పలేదు. తీగలు సరిగా అంటుకోలేదేమో మేడం అన్నాను. ఆమె నమ్మారు. మసకబారిన కళ్లతో, భూతద్దం పెట్టుకుని నాలుగు తీగలూ ఊడదీసి మళ్లీ అంటించారు. మర్నాడు మళ్లీ. నాలుగు రోజులు అలా గడిచాయి. గోపాలమిత్ర రెండుసార్లు క్యాను మోసుకొచ్చాడు. ఆమె తప్పు తన చేతిలోనే ఉందనుకుని, వయసైపోయింది పాపా, చెయ్యి వణుకుతాంది అన్న రోజున నేను ఇంటికి పోయి అన్నం తినలేకపోయాను.

ఐదో రోజు పొద్దున ఆళ్లగడ్డలో ఆమె బస్సెక్కి నా పక్కన కూర్చోగానే చెప్పేశాను. ఆమె టిక్కెట్టు తీసుకుని చిల్లర లెక్కపెట్టుకున్నారు. బస్సు శిరివెళ్ల దాటింది.

"పసుపు గూడా పెడ్తివా?" అన్నారు చివరికి.

"ఒక మూల, మేడం."

"ఫిల్ము పోతే ఇంగోటి కాల్చుకుంటాం. నాలుగు దినాలు నా చెయ్యి మీద నాకే అనుమానం పుట్టిస్తివే, అది తప్పు."

అంతే. మళ్లీ ఆ నాలుగు రోజుల ఊసు ఎత్తలేదు. ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ తగులుతూనే ఉంది, తగలాలి కూడా.

కాలేజీకి చేరగానే ఆ ప్రయోగశాలకు ఉత్తరం నన్నే రాయమన్నారు. నేను తలవంచుకుని, నా అజాగ్రత్త వల్ల అని మొదలుపెట్టాను. ఆమె కాగితం లాక్కుని ఆ వాక్యం కొట్టేశారు. "నీళ్లు తగిలినాయని రాయి. ఎట్ల తగిలినాయో రాయి. వాళ్లకు కావల్సింది కారణం, నీ పేరెందుకు?" అన్నారు. పసుపు సంగతి కూడా దాచకుండా రాయించారు. కింద సంతకం మాత్రం ఆమె పెట్టారు. ఇంకో ఫిల్ము ఫిబ్రవరిలోపు తెస్తామని ఒక వాక్యం చేర్చారు. ఆ వాక్యం చదివి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాను.

ఈసారి ఆమె దేన్నీ ముట్టుకోలేదు. స్టూలు వేసుకుని కూర్చుని, నువ్వే చెయ్యల్ల, నీ చెయ్యి కుదరల్ల అన్నారు. మొదటి ఫిల్ము బీటలు వారింది. రెండోది కాలుతుండగా కరెంటు పోయింది. మూడోదానికీ నాలుగోదానికీ ఏమైందో ఇద్దరికీ అర్థం కాలేదు. ప్రతిదాన్నీ పారేయకుండా కొలిపించి, చెడిపోయినదాని గ్రాఫు కూడా గీయించారు. చుట్టుపక్కల లెక్చరర్లు, రిటైరయ్యే ముందు ఈమెకెందుకీ తిప్పలు అని నా చెవిన పడేలా అనుకునేవారు. మేడం చెవినా పడేది. ఆమె ఫ్యానుకు నూనె చుక్క వేయమనేవారు.

ఏడోది జనవరి చివర్లో కుదిరింది. నత్రజనిలోకి దించుతుంటే ఓల్టేజీ మెల్లగా తగ్గుతూ తగ్గుతూ, ఒకచోట గోడ మీంచి దూకినట్టు పడిపోయింది. మా మీటరుకు ఇంకేమీ కనపడలేదు. మేడం చప్పట్లు కొట్టలేదు. వెంటనే తీసి ఆరబెట్టి డబ్బాలో పెట్టు, తాళంచెవి ఇట్లియ్యి అన్నారు. తాళంచెవి తీసుకుని కొంగుకు ముడేసుకున్నారు.

ఇద్దరం రైల్లో పోయాం. డబ్బాను ఆమె ఒళ్లోంచి దించలేదు. ఆ ప్రయోగశాలలో ఫిల్మును చెక్కడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పరీక్షకు మమ్మల్ని లోపలికి రమ్మన్నారు. దుమ్ము పడకూడని గది అది. చెప్పులు విప్పించి, తలకు టోపీ, మెడ నుంచి పిక్కల దాకా తెల్లటి అంగీ తొడిగించారు. అక్కడి సైంటిస్టు నా వయసువాడే. తెర మీద ఓల్టేజీ గీత దిగుతూ వచ్చి కింద అతుక్కుపోయింది. ఫిల్ము ఎంతవరకు ఓర్చుకుంటుందో చూడటానికి ఆయన కరెంటు పెంచాడు. గీత కదల్లేదు. ఇంకా పెంచాడు. కదల్లేదు. అప్పుడు కుర్చీలోంచి వెనక్కి తిరిగి, ఇది ఏ యంత్రంతో చేశారు మేడం అని అడిగాడు.

మేడం నా భుజం పట్టుకుని ముందుకు నెట్టారు. "యంత్రం గాదు నాయనా. ఈ పాప చేసింది" అన్నారు.

నాకు చోటు దొరికింది. అప్పటి నుంచి ఎన్నో ఖరీదైన యంత్రాల మీద ఫిల్ములు చేశాను. నా విద్యార్థులు ఏదైనా పాడుచేసుకుని వణుకుతూ వస్తే, ముందు కారణం రాయమంటాను. ఇది నా గొప్ప కాదు. నేర్పిన మనిషిని తలుచుకుని గర్వపడుతున్నాను, పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడటం లేదు.

ఆ రోజు పరీక్ష అయ్యాక సైంటిస్టు ఫిల్మును సూక్ష్మదర్శిని కింద పెట్టి, చెక్కిన గీతను చూస్తారా అని మేడంను అడిగాడు. ఆమె వంగారు. తెల్లటి అంగీ కింద నేత చీర అంచు బెత్తెడు కనపడుతోంది. వెనక తమ వంతు కోసం నలుగురు పరిశోధకులు నిలబడ్డారు. ఒకరు దగ్గారు, ఒకరు గడియారం చూసుకున్నారు. మేడం తల ఎత్తలేదు. ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, జారుతున్న టోపీని రెండో చేత్తో ఆపుకుంటూ, "నంద్యాల్లో కాల్చింది ఇది" అన్నారు, ఎవరితోనో తెలియదు. మళ్లీ ఇంకొంచెం వంగారు.