బొట్టు పెట్టించుకున్న గడియారం

మొన్న ఆదివారం నా తమ్ముడు ధర్మవరం నుంచి హిందూపురంలోని మా ఇంటికి వచ్చి, ఇచ్చిన కాఫీ అయినా ముట్టకుండా, తువ్వాలలో చుట్టి తెచ్చిన బంగారు జేబు గడియారాన్ని నా చేతిలో పెట్టాడు. ఒకప్పుడు ఈ గడియారం కోసమే నేను వాడితో ఏళ్ల తరబడి మాట్లాడలేదు.

అది మా జేజినాయనకు, అంటే నాయన వాళ్ల నాయనకు, పెనుకొండలో ఉండిన ఒక దొర ఇచ్చినదట. దొరసానికి ఆయన నేసిన పట్టుచీర అంత నచ్చిందని చెప్పుకునేవారు. మూత లోపల దాన్ని చేసిన ఇంగ్లండు సీమ పనివాడి పేరూ, పక్కనే 'కొడుకులు' అనే మాటా ఇంగ్లీషులో చెక్కి ఉన్నాయి. ఎవరో చదివి చెప్పిన దినం నుంచీ ఆ ముక్కూమొహం తెలియనివాడు మాకు చుట్టమైపోయాడు. తండ్రి పని కొడుకులు అందుకున్నారంటే వాళ్లూ మనలాంటివాళ్లే అని జేజినాయన తీర్మానం. అందుకని ఆయుధపూజ నాడు మగ్గానికీ, పోగును అటూ ఇటూ నడిపే నాడెకూ బొట్లు పెట్టినాక, గడియారం మూత తెరిచి ఆ పేరుకు కూడా గంధం, కుంకుమ పెట్టేవారు. ఇంకేముంది, కుంకుమ పళ్లచక్రాల్లోకి రాలి గడియారం కాస్తా నిలిచిపోయేది! హిందూపురంలో గడియారాలు బాగుచేసే ఆయన నెత్తి కొట్టుకునేవాడు.

"ఏమవ్వా, యంత్రంలో యాడన్నా కుంకుమ పోస్తారా?" అని ఆయన అడిగితే, "ఆ పేరున్నాయప్ప కూడా పనోడే గదప్పా, పండగపూట బొట్టు పెట్టకుంటే ఎట్లా?" అని మా అవ్వ ఎదురడిగేది. మరుసటేడు మళ్లీ అదే కథ.

అయితే మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. గడియారం పెద్దకొడుక్కి కాదు, మగ్గం గుంతలో కూర్చునే కొడుక్కి. నేను చదువుకుని పెనుకొండలో గుమాస్తా పనిలో చేరితే, నాయన దాన్ని తమ్ముడికిచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వేళకు ఆఫీసుకు పోవలసినవాణ్ని నేనైతే, ఇంట్లో కూర్చుని నేసేవాడికి గడియారమెందుకని అరిచాను. నాయన తలెత్తకుండా నేస్తూనే, "టైము కావాలంటే వేరేది కొనుక్కోబ్బా, ఇది నేసేవాళ్లది" అన్నాడు.

ఇన్నాళ్లకు అది నా చేతికొచ్చింది.

"నీ దగ్గరే ఉండనీన్నా. మోకాళ్లు వంగేది లేదు, మగ్గం దిగేసినాను. పిల్లోళ్లెవరూ ఎక్కేది లేదంటాండారు" అన్నాడు తమ్ముడు.

మూత లోపలి పేరు చూసి నా మనవరాలు ఫోనులో వెతికి, ఆ సీమ కొడుకుల అంగడి కూడా ఎప్పుడో మూతబడిందని చెప్పింది. తమ్ముడు "అయ్యో పాపం!" అని, అయినవాళ్లు పోయిన కబురు విన్నట్టు, మూత మూసి దానిమీద తువ్వాల కప్పాడు. నాకూ దుఃఖం వచ్చింది.

వాడు వెళ్లిపోయినా గడియారం ఇంకా బల్ల మీదే ఉంది. కట్టుబాటు ప్రకారం నేను దీన్ని ఉంచుకోరాదు, ఇచ్చేద్దామంటే మా వంశంలో నేసేవాడు లేడు.